వైరల్ దగ్గు, జలుబులో యాంటీబయాటిక్ రాయాలా వద్దా: చీటీ రాసే డాక్టరుకు అడుగడుగునా దారి

"వైరల్ అని తెలిసే రాశానండీ" అని ఒప్పుకునే జూనియర్ డాక్టర్లు నాకు తరచూ తగులుతుంటారు. తెలియక రాసేవాళ్లు తక్కువ, తెలిసి రాసేవాళ్లే ఎక్కువ. అందుకే యాంటీబయాటిక్ వైరస్‌ను చంపదన్న పాఠం ఇక్కడ మళ్లీ చెప్పను. తెలిసిన ఆ సంగతి చీటీ మీదికి ఎందుకు దిగడం లేదు, దించాలంటే ఓపీలో ఏ పని ముందు చేయాలి, ఏది తర్వాత చేయాలి అన్నదే ఈ రాతంతా.

ఇది నడిచొచ్చే రోగుల కోసం. ఐసీయూలో ఉన్నవాళ్లు, కీమోథెరపీ తీసుకుంటున్నవాళ్లు, అవయవ మార్పిడి జరిగినవాళ్లు, మూడు నెలలు నిండని పసికందులు దీని పరిధిలోకి రారు. వాళ్ల లెక్క వేరు.

డాక్టర్లు కానివాళ్లూ చదవొచ్చు. అయితే ఇందులోని మోతాదులు చూసి మందు కొనుక్కోవడానికి కాదు. మీ డాక్టరు ఏం చూసి నిర్ణయిస్తున్నారో అర్థం కావడానికి.

1. రోగి లోపలికి రాకముందే బల్ల మీద ఉండాల్సినవి

రోగి ఎదురుగా కూర్చున్నాక థర్మామీటరు కోసం వెతికితే ఆ రోజు జ్వరం కొలవనట్టే. ముందే ఇవి చేతికందేలా పెట్టుకోండి:

- థర్మామీటరు, పల్స్ ఆక్సీమీటరు (పిల్లల వేలికి సరిపోయేది కూడా)
- సెకన్ల ముల్లున్న గడియారం
- టార్చి, నాలుక నొక్కే పుల్లలు
- చెవి చూసే ఆటోస్కోపు
- బరువు తూచే యంత్రం (పిల్లల మోతాదు వయసును బట్టి కాదు, బరువును బట్టి)
- దొరికితే గొంతులో స్ట్రెప్ అనే బ్యాక్టీరియా ఉందో లేదో అక్కడికక్కడే చెప్పే ర్యాపిడ్ కిట్లు, వేలి నుంచి చుక్క రక్తంతో చేసే సీఆర్‌పీ (ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే పరీక్ష)
- ఏ జబ్బు ఎన్నాళ్లుంటుందో, ఏం కనిపిస్తే తిరిగి రావాలో రాసిన అరపేజీ కాగితం

ఆ చివరి కాగితాన్ని చిన్నచూపు చూడకండి. మిగతా పరికరాలన్నీ మీ అనుమానం తీరుస్తాయి, రోగి అనుమానం తీర్చేది అదొక్కటే.

ఇంకో తయారీ మనసులో జరగాలి. ఏ జబ్బుకు మొదటి మందు ఏది, ఎన్ని రోజులు అన్నది తీరిగ్గా ఉన్నప్పుడే రాసి పెట్టుకోండి. అరవయ్యో రోగి దగ్గర నిలబడి ఆలోచిస్తే చెయ్యి అలవాటైన మందు వైపే పోతుంది. ఓపీ మొదలైనప్పటికంటే ముగింపు గంటల్లో యాంటీబయాటిక్ చీటీలు పెరుగుతాయని పరిశోధనల్లో తేలింది. నా పాత చీటీలు తిరగేస్తే నాదీ అదే కథ.

2. అడగాల్సిన ప్రశ్నలు, వాటి వరుస

"ఏంటి బాధ?" దగ్గరే ఆగిపోతే "దగ్గు, జలుబు, ఒళ్లునొప్పులు" అన్న మూడు ముక్కలే వస్తాయి. వాటితో నిర్ణయం జరగదు. ఈ వరుసలో అడగండి.

ముందు, ఎన్నో రోజు? అన్నిటికన్నా విలువైన ప్రశ్న ఇదే. రెండో రోజు జలుబుకూ పన్నెండో రోజు జలుబుకూ అర్థం వేరు.

తర్వాత, పెరుగుతోందా, తగ్గుతోందా, తగ్గి మళ్లీ తిరగబెట్టిందా? వైరల్ జబ్బు సాధారణంగా మూడు నాలుగు రోజులకు పతాక స్థాయికి చేరి ఆపైన దిగుతుంది. ఐదో రోజుకు తేరుకుని, ఏడో రోజు కొత్తగా జ్వరంతో పడిపోయిన మనిషిని మాత్రం ఆగి చూడాలి.

ఆపైన ఆయాసం, ఛాతీలో పోటు, రక్తం పడటం, మగత, పిల్లలైతే పాలు తాగడం, మూత్రం పోయడం గురించి అడగండి. ఉబ్బసం, సీఓపీడీ (ఊపిరితిత్తుల దీర్ఘకాల జబ్బు), గుండె జబ్బు, షుగరు, గర్భం, స్టెరాయిడ్ వాడకం ఉన్నాయేమో కనుక్కోండి.

ఇప్పటికే ఏం వేసుకున్నారు? "ఏమీ లేదు" అంటే నమ్మకండి. "ఇంట్లో మిగిలినవి, ఎవరైనా ఇచ్చినవి?" అని విడిగా అడిగితే సగం స్ట్రిప్పు బయటికొస్తుంది.

చివర్లో, "దేని గురించి భయపడుతున్నారు?" ఈ ప్రశ్నను చాలామంది వదిలేస్తారు. వదిలేస్తే నష్టం ఏమిటంటే, రోగి యాంటీబయాటిక్ కోసమే వచ్చాడని మనం ఊహించేసుకుంటాం. చీటీలో మందు చేరడానికి రోగి అసలు కోరిక కంటే ఆ కోరిక గురించి డాక్టరు చేసుకున్న ఊహే ఎక్కువ కారణమవుతోందని అధ్యయనాలు చెబుతున్నాయి. అడిగి చూడండి. "నిమ్ము చేరిందేమోనని భయంగా ఉంది డాక్టరుగారూ" అంటారు. ఆ తల్లి అడిగింది మందు కాదు, ఛాతీ శ్రద్ధగా చూడమని.

3. కొలవండి: మొత్తం నిర్ణయంలో బరువైన అడుగు ఇది

నా సంగతే చెబుతాను. చాలా ఏళ్ల కిందట ఒక పిల్లాడికి స్టెతస్కోపు పెట్టాను. శబ్దాలు బాగున్నాయి. "వైరల్" అని పంపించాను. మర్నాడు డొక్కలు ఎగరేస్తూ వచ్చాడు. మొదటి రోజు నేను విన్నాను కానీ గడియారం చూడలేదు, శ్వాస లెక్కపెట్టలేదు. పిల్లాడు కోలుకున్నాడు. నేనే కోలుకోలేదు. తర్వాత ఆరు నెలలు దగ్గిన ప్రతి బిడ్డకీ యాంటీబయాటిక్ రాశాను. రాయాల్సినవాడికి రాయకపోవడం, అక్కర్లేనివాళ్లకు రాయడం చూడ్డానికి ఎదురెదురు తప్పులు. నా విషయంలో రెండూ కొలవకపోవడం వల్లే పుట్టాయి. అప్పటినుంచి నాకొక లెక్క కుదిరింది: అక్కర్లేని యాంటీబయాటిక్ ఎక్కువసార్లు మనం చేయకుండా వదిలేసిన ఏదో ఒక పనికి బదులుగా చీటీలోకి వస్తుంది.

పిల్లల్లో శ్వాస లెక్క. బిడ్డ ఏడవకుండా, తల్లి ఒళ్లో నెమ్మదిగా ఉన్నప్పుడు పూర్తి 60 సెకన్లు లెక్కపెట్టాలి. పదిహేను సెకన్లు లెక్కించి నాలుగుతో గుణిస్తే పసివాళ్లలో తప్పొస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం ఎగశ్వాస అంటే:

- 2 నెలల లోపు: నిమిషానికి 60 లేదా ఆపైన
- 2 నుంచి 11 నెలలు: 50 లేదా ఆపైన
- 1 నుంచి 5 ఏళ్ల లోపు: 40 లేదా ఆపైన

జ్వరం మండుతుంటే శ్వాస కూడా పరిగెడుతుంది. అంకె గీత మీద ఉంటే జ్వరం మందిచ్చి, తగ్గాక మళ్లీ లెక్కపెట్టండి. పిల్లికూతలు వినిపిస్తే శ్వాసనాళాలు తెరిచే సాల్బుటమాల్ పీల్పించి మళ్లీ చూడండి. చాలా "న్యుమోనియాలు" ఇక్కడే మాయమవుతాయి. చొక్కా పైకెత్తి డొక్కలు చూడడం మరవొద్దు.

పెద్దవాళ్లలో నాలుగు అంకెలు. నాడి 100 దాటలేదు, శ్వాస 24 దాటలేదు, జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ (100.4 ఫారెన్‌హీట్) దాటలేదు, ఛాతీలో ఒకచోటే వినిపించే చెడు శబ్దం లేదు. ఈ నాలుగూ బాగుంటే న్యుమోనియా అవకాశం చాలా తక్కువ, ఎక్స్‌రే కూడా అక్కర్లేదు. ముసలివాళ్లలో మాత్రం ఈ ధీమా పనికిరాదు. 75 దాటినవాళ్లకు న్యుమోనియా జ్వరం లేకుండా, ఉన్నట్టుండి తికమక పడటంతో రావచ్చు.

ఆక్సిజన్ శాతం విడిగా చూడండి. ఊపిరితిత్తుల జబ్బు లేని మనిషికి 94 కంటే తగ్గితే "వైరలే" అని ఇంటికి పంపకండి. 90 కంటే తక్కువైతే పిల్లలనైనా పెద్దలనైనా ఆసుపత్రిలో చేర్చాల్సిందే.

కొలిచిన అంకెలు చీటీ మీద రాయండి. రాసిన అంకె రేపు మళ్లీ వచ్చినప్పుడు పోల్చుకోవడానికి ఉంటుంది, ఈ రోజు మీ చేతికి ధైర్యమూ ఇస్తుంది.

4. రోగానికి పేరు పెట్టండి

"యూఆర్‌టీఐ" (పై శ్వాసకోశ ఇన్ఫెక్షన్) అని రాయడం మానండి. అది పేరు కాదు, గోనెసంచి. అందులో ఏదైనా పడుతుంది, దాని వెనకే ఒక యాంటీబయాటిక్ కూడా పడుతుంది. కింద ఉన్నవాటిలో ఒకటి ఎంచుకోండి.

జలుబు. ముక్కు కారడం, దిబ్బడ, తుమ్ములు, గొంతులో గరగర, తేలికపాటి జ్వరం. 200కు పైగా వైరస్‌లు దీన్ని తెస్తాయి. వారం నుంచి పది రోజులుంటుంది. యాంటీబయాటిక్‌కు ఇక్కడ చోటే లేదు, వాయిదా చీటీకి (మందు రాసి, ఇప్పుడే వాడొద్దని చెప్పే చీటీ) కూడా లేదు.

సైనసైటిస్, అంటే ముక్కు చుట్టూ ఎముకల్లో ఉండే గాలి గదుల వాపు. జలుబు చేసిన వంద మందిలో బ్యాక్టీరియా సైనసైటిస్‌గా మారేది ఒకరిద్దరికే. ఈ మూడింటిలో ఒకటైనా ఉంటేనే ఆ పేరు రాయండి:

- పది రోజులు దాటినా ఏ మాత్రం తగ్గకపోవడం
- 39 డిగ్రీల (102.2 ఫారెన్‌హీట్) జ్వరం, చిక్కటి చీమిడి లేదా ముఖంలో పోటు వరుసగా మూడు నాలుగు రోజులు ఉండటం
- తగ్గుముఖం పట్టి, మళ్లీ జ్వరంతోనో తలపోటుతోనో తిరగబెట్టడం

చీమిడి రంగు ఈ జాబితాలో లేదు, గమనించారా? పచ్చదనం మన తెల్లకణాల్లోని ఒక ఎంజైమ్ వల్ల వస్తుంది. యుద్ధం జరుగుతోందని చెబుతుందే తప్ప శత్రువు ఎవరో చెప్పదు. కఫం రంగుకూ ఇదే వర్తిస్తుంది.

గొంతునొప్పి. ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే నిజంగా మందు కావలసినవాళ్లు ఈ గుంపులో ఉన్నారు. గొంతునొప్పితో వచ్చే పిల్లల్లో 20 నుంచి 30 శాతం మందికి, పెద్దల్లో 5 నుంచి 15 శాతం మందికి గ్రూప్ ఎ స్ట్రెప్టోకాకస్ కారణం. స్ట్రెప్ అయ్యే అవకాశాన్ని అంచనా వేసే సెంటార్ లెక్కలో ఒక్కోదానికి ఒక్కో మార్కు: 38 డిగ్రీలు దాటిన జ్వరం, టాన్సిల్స్ మీద చీము లేదా వాపు, మెడ ముందువైపు బిళ్లలు కట్టి నొక్కితే నొప్పి, దగ్గు లేకపోవడం. 3 నుంచి 14 ఏళ్ల మధ్య ఉంటే ఒక మార్కు కలపండి, 45 దాటితే ఒకటి తీసేయండి.

సున్నా లేదా ఒకటి వస్తే పరీక్షా వద్దు, మందూ వద్దు. రెండో మూడో వస్తే ర్యాపిడ్ టెస్టు చేయండి, పాజిటివ్ అయితేనే మందు. నాలుగు, ఆపైన అయినా కిట్ ఉంటే పరీక్ష చేయడమే మంచిది, లేకపోతే మందు మొదలుపెట్టవచ్చు. ముక్కు కారుతూ, గొంతు బొంగురుపోయి, కళ్లు ఎర్రబడి, దగ్గుతూ వస్తే లెక్కలు వేసే పని కూడా లేదు, అది వైరసే.

కీళ్లవాతం జ్వరం (స్ట్రెప్ గొంతు తర్వాత కీళ్లనూ గుండెనూ పట్టే జబ్బు) భయంతో ప్రతి గొంతునొప్పికీ రాసేవాళ్లకు ఒక మాట. స్ట్రెప్ మొదలైన తొమ్మిది రోజుల్లోపు పెన్సిలిన్ ప్రారంభించినా ఆ ముప్పు తప్పుతుంది. అంటే పరీక్షకూ, మర్నాటి దాకా ఆగడానికీ మీకు సమయం ఉంది. ఇంట్లో ఎవరికైనా ఇంతకుముందు ఆ జ్వరం వచ్చి ఉంటే మాత్రం ఆగకండి.

చెవిపోటు. రెండేళ్లు దాటిన బిడ్డ, తీవ్రమైన నొప్పి లేదు, 39 డిగ్రీల లోపు జ్వరం, చీము కారడం లేదు. అలాంటప్పుడు నొప్పి మందిచ్చి 48 నుంచి 72 గంటలు చూడవచ్చు. ఆరు నెలల లోపు పసివాళ్లకు, చీము కారుతున్నవాళ్లకు వెంటనే మందు. ఆరు నెలలకూ రెండేళ్లకూ మధ్య రెండు చెవులూ పట్టేస్తే అప్పుడూ అంతే.

అక్యూట్ బ్రాంకైటిస్, అంటే కొత్తగా వచ్చిన శ్వాసనాళాల వాపు. అనవసర యాంటీబయాటిక్‌కు పుట్టిల్లు ఇదే. పదింట తొమ్మిది పాళ్లు వైరస్. దగ్గు సగటున రెండున్నర వారాలుంటుంది, కానీ రోగి వారంలో పోతుందని అనుకుంటాడు. ఈ రెండు అంకెల మధ్య ఎడంలోనే రెండో డాక్టరు, మూడో యాంటీబయాటిక్ పుడతాయి. మందిస్తే దగ్గు సుమారు సగం రోజు తగ్గుతుందని అధ్యయనాలన్నీ కలిపి చూస్తే తేలింది. సగం రోజు కోసం విరేచనాలు కొనిపెట్టడం లాభసాటి బేరం కాదు.

మినహాయింపులు గుర్తుంచుకోండి. దగ్గి దగ్గి ఊపిరి లాగేటప్పుడు "హూప్" మంటే, దగ్గు చివర వాంతి అయితే కోరింత దగ్గును అనుమానించాలి. సీఓపీడీ ఉన్నవాళ్లకు ఆయాసం, కఫం పరిమాణం, కఫంలో చీము మూడూ పెరిగితే లెక్క మారుతుంది. చీటీలో రంగుకు విలువ ఉండే చోటు ఆ ఒక్కటే. దగ్గు రెండు వారాలు దాటితే క్షయ పరీక్ష చేయించాలి. మూడు వారాలు దాటిన దగ్గుకు యాంటీబయాటిక్ మార్చడం కాదు, ఎక్స్‌రే కావాలి.

న్యుమోనియా. మూడో అడుగులో అంకెలు తప్పాయంటే ఇది. ఇక తాత్సారం వద్దు.

ఫ్లూ, కొవిడ్. ఉన్నట్టుండి తీవ్ర జ్వరం, ఒళ్లంతా విరిచినట్టు నొప్పులు. ముప్పున్నవాళ్లకు ఫ్లూ అయితే 48 గంటల్లోపు ఒసెల్టమివిర్ పనికొస్తుంది, ఇది వైరస్ మందు. కొవిడ్ నేర్పిన పాఠం మరవకూడదు. ఆసుపత్రిలో చేరినవాళ్లలో దాదాపు 8 శాతం మందికే బ్యాక్టీరియా తోడైతే, నలుగురిలో ముగ్గురికి యాంటీబయాటిక్ పడిందని 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది.

5. పరీక్షలు: తక్కువ, కానీ అర్థమున్నవి

సీఆర్‌పీ దగ్గు రోగుల్లో పనికొస్తుంది. న్యుమోనియా అని తేల్చలేక తటపటాయిస్తున్నప్పుడు లీటరుకు 20 మి.గ్రా. లోపైతే మందు అక్కర్లేదు, 100 దాటితే రాయండి, మధ్యలో ఉంటే వాయిదా చీటీ. జలుబుకు సీఆర్‌పీ చేయించి, 30 వచ్చిందని భయపడకండి. మూడో రోజు వైరస్ కూడా అంత లేపగలదు.

తెల్లకణాల సంఖ్య ఒక్కదాన్నే పట్టుకుని తీర్మానం చేయొద్దు. ఎక్స్‌రేలో మచ్చ కనిపించినా అది బ్యాక్టీరియాదే అన్న హామీ లేదు. అయినా పెద్దవాళ్లలో కొత్త మచ్చా జ్వరమూ కలిసి ఉంటే వైద్యం చేయాల్సిందే.

6. నాలుగు దారులు, ఒక్కటే ఎంచుకోవాలి

వద్దు. ఇప్పుడే కావాలి. వాయిదా. ఆసుపత్రి. ఇక్కడ అందరూ తడబడేది వాయిదా చీటీ దగ్గరే.

వాయిదా చీటీ అంటే మందు రాసి, ఇప్పుడు కొనొద్దని, ఫలానా జరిగితేనే మొదలుపెట్టమని చెప్పడం. వెంటనే రాసినప్పుడు 93 శాతం మంది వాడితే, వాయిదా వేసినప్పుడు 31 శాతమే వాడారని, వైద్య అధ్యయనాలను కలిపి తూచే కోక్రేన్ సంస్థ 2017 నాటి సమీక్ష లెక్క. తృప్తిలో రెండు గుంపులకూ పెద్ద తేడా లేదు.

ఎలా రాయాలి:

- మందు పేరు పైన తేదీ వేసి "ఈ తేదీకి ముందు వద్దు" అని రాయండి
- మొదలుపెట్టే షరతు ఒక్క వాక్యంలో: "మూడో రోజుకు కూడా చెవిపోటు తగ్గకపోతే"
- చెల్లుబాటు ముగిసే తేదీ. ఇది లేకపోతే మూడు నెలల తర్వాత తమ్ముడి జలుబుకు అదే చీటీ వాడతారు
- "ఆయాసం వస్తే ఈ మందు మొదలుపెట్టకండి, నేరుగా రండి"

చదవలేనివాళ్లకు, షరతు అర్థమైందన్న నమ్మకం మీకు కలగనివాళ్లకు చీటీ చేతికివ్వకుండా రెండు రోజుల తర్వాత రమ్మనండి. అసలు అవసరమే లేదనుకున్న జలుబుకు వాయిదా చీటీ ఇవ్వడం మన మొహమాటమే తప్ప వైద్యం కాదు.

7. రాయాల్సి వచ్చినప్పుడు

మొదట అలర్జీ. "పెన్సిలిన్ పడదు" అన్నవాళ్లను ఏం జరిగిందో చెప్పమనండి. ఆ ముద్ర ఉన్నవాళ్లలో పరీక్షిస్తే పదింట తొమ్మిది మందికి పైగా హాయిగా పడుతుంది. వికారం, విరేచనాలు అలర్జీ కాదు. దద్దుర్లతో పాటు ఊపిరాడకపోవడం, ముఖం వాచడం జరిగితే అది అలర్జీ. గ్రంథి జ్వరంలో, అంటే ఈబీవీ అనే వైరస్ తెచ్చే జబ్బులో, అమాక్సిసిలిన్ ఇస్తే ఒళ్లంతా ఎర్రమచ్చలు వస్తాయి. ఆ మనిషి జీవితాంతం అలర్జీ ముద్ర మోస్తాడు. వైరస్‌కు యాంటీబయాటిక్ రాసిన పాపం అలా కూడా తగులుతుంది.

ఏ మందు? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017 నుంచి యాంటీబయాటిక్‌లను మూడు గుంపులుగా పెట్టింది: యాక్సెస్, వాచ్, రిజర్వ్. అమాక్సిసిలిన్, డాక్సీసైక్లిన్, పెన్సిలిన్ మొదటి గుంపు. ఓపీల్లో నీళ్లలా పారే అజిత్రోమైసిన్, సెఫిక్సిమ్, లివోఫ్లాక్సాసిన్ రెండో గుంపు, అంటే కాపలా పెట్టి వాడాల్సినవి. శ్వాసకోశ జబ్బులకు మొదటి గుంపే ఎక్కువసార్లు సరిపోతుంది. మూత్రపిండాలు, కాలేయం సరిగా ఉన్నవాళ్లకు:

- స్ట్రెప్ గొంతు: పెద్దలకు పెన్సిలిన్ వి 500 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, లేదా అమాక్సిసిలిన్. కీళ్లవాతం ముప్పు ఉన్నచోట పది రోజులూ పూర్తిగా
- చెవి: పిల్లలకు అమాక్సిసిలిన్ కిలోకు రోజుకు 80 నుంచి 90 మి.గ్రా., రెండు పూటలుగా
- బ్యాక్టీరియా సైనసైటిస్: పెద్దలకు అమాక్సిసిలిన్, లేదా క్లావులనేట్ కలిసినది, 5 నుంచి 7 రోజులు
- ఇంట్లో ఉండి నయం చేయదగ్గ న్యుమోనియా: వేరే జబ్బుల్లేని పెద్దలకు అమాక్సిసిలిన్ 1 గ్రాము రోజుకు మూడుసార్లు, కనీసం 5 రోజులు. ఐదేళ్ల లోపు పిల్లలకు కిలోకు రోజుకు 80 మి.గ్రా., రెండు పూటలుగా, 3 నుంచి 5 రోజులు

మీ ప్రాంతంలో ఏ క్రిమికి ఏ మందు పనిచేస్తోందో చెప్పే పట్టిక అందుబాటులో ఉంటే దాని మాటే చెల్లుతుంది.

చీటీ మీద మందు పేరు పక్కన కారణం రాయండి: "స్ట్రెప్ పాజిటివ్, సెంటార్ 4". కారణం రాయడానికి చెయ్యి ఆగిందంటే మందు రాయడానికీ ఆగాలన్నమాట.

8. రాయనప్పుడు చీటీలో ఏం రాయాలి

ఖాళీ చీటీ ఇవ్వకండి. రోగి అంత దూరం వచ్చి, క్యూలో కూర్చుని, "ఏం లేదు, వైరల్" అన్న రెండు మాటలు పట్టుకుని వెళ్లడు, ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్తాడు.

- జ్వరం, నొప్పులకు పారాసిటమాల్: పిల్లలకు కిలోకు 10 నుంచి 15 మి.గ్రా., 4 నుంచి 6 గంటల ఎడంతో, రోజుకు నాలుగు డోసులు మించకుండా. పెద్దలకు రోజుకు 4 గ్రాములు మించకూడదు
- ముక్కు దిబ్బడకు ఉప్పునీటి చుక్కలు
- ఏడాది నిండినవాళ్లకు రాత్రి దగ్గుకు తేనె. ఏడాది లోపు బిడ్డకు తేనె ఎట్టి పరిస్థితిలోనూ వద్దు
- పిల్లలకు ఆస్పిరిన్ వద్దు. చిన్నపిల్లలకు కలగాపులగం దగ్గు సిరప్‌లూ వద్దు
- జబ్బు పేరు, ఎన్నాళ్లుంటుందో అంకెతో
- తిరిగి రావాల్సిన గుర్తులు: ఆయాసం, డొక్కలు ఎగరడం, పెదాలు నీలిరంగుకు తిరగడం, మగత, నీళ్లు తాగలేకపోవడం, తగ్గిన జ్వరం మళ్లీ రావడం

9. నోటితో చెప్పేది

పరీక్షిస్తున్నప్పుడే పైకి మాట్లాడండి: "ఛాతీ రెండు వైపులా బాగుంది. శ్వాస నిమిషానికి 32, మామూలే. చెవులు శుభ్రంగా ఉన్నాయి." నిర్ణయం చెప్పే సమయానికి తల్లి సగం కుదుటపడి ఉంటుంది.

చెప్పేటప్పుడు "వద్దు" ఒక్కటే చెప్పకండి. వద్దన్నదాని పక్కనే చేయాల్సినది ఉండాలి.

"ఇది బ్రాంకైటిస్ అమ్మా, నిమ్ము కాదు. యాంటీబయాటిక్ దీని మీద పనిచేయదు, పైగా విరేచనాలు పట్టుకుంటాయి. రాత్రిళ్లు నిద్రపట్టడానికి ఇది వాడండి. దగ్గు మూడు వారాలు ఉండొచ్చు, రోజురోజుకీ పలచబడుతుంది. ఆయాసం వచ్చినా, జ్వరం తిరగబెట్టినా ఆ రోజే రండి."

"పోయినసారి ఆ మందేసుకుంటేనే తగ్గింది డాక్టరుగారూ" అన్నప్పుడు వాదించకండి. "ఎన్నో రోజు వేసుకున్నారు?" అని అడగండి. ఎక్కువమంది "ఐదారు రోజులకు" అంటారు. "అప్పటికి అదే దిగే టైమండీ" అంటే నవ్వుతారు. మందు వాడితే ఏడు రోజులు, వాడకపోతే వారం అన్న పాత ఛలోక్తి రోగులకూ తెలుసు.

మందులకు లొంగని క్రిముల వల్ల 2019లో ప్రపంచంలో 12.7 లక్షల మంది చనిపోయారన్న అంకె సెమినార్‌కు బాగుంటుంది. దగ్గుతో కూర్చున్న మనిషికి అది తగలదు. "ఈ మందు అనవసరంగా వాడితే మీ ఒంట్లోనే మొండి క్రిములు పెరిగి నెలల తరబడి ఉంటాయి, రేపు నిజంగా అవసరమైనప్పుడు పనిచేయదు" అంటే తగులుతుంది, పైగా అది నిజం కూడా.

10. పదే పదే జరిగే తప్పులు, వాటికి మందు

"బ్యాక్టీరియా చేరకుండా ముందు జాగ్రత్తగా రాశాను." జలుబుకు ముందే ఇచ్చిన యాంటీబయాటిక్ న్యుమోనియాను ఆపుతుందన్నది ఆశే. ఎన్ని వేలమందికి ఇస్తే ఒకరికి తప్పుతుందో లెక్కలున్నాయి, ఈలోగా దద్దుర్లు, విరేచనాలు వచ్చేవాళ్లు అంతకన్నా ఎక్కువ. తిరిగి రావాల్సిన గుర్తులు చెప్పడమే అసలు ముందు జాగ్రత్త.

మూడో రోజుకు జ్వరం తగ్గలేదని మందు మార్చడం. మొదటిది పనిచేయకపోవడానికి కారణం దాని "పవర్" చాలకపోవడం కాకపోవచ్చు, ఎదుట బ్యాక్టీరియానే లేకపోవచ్చు. మూడో అడుగుకు వెనక్కి వెళ్లి కొలవండి.

మూడు రోజుల అజిత్రోమైసిన్ అలవాటు. కోర్సు చిన్నది కాబట్టి సులువు. కానీ అది రక్తం, కణజాలాల్లో చాలా రోజులు సన్నగా మిగిలి క్రిములకు తర్ఫీదునిస్తుంది, గుండె లయను కూడా కదపగలదు. కోరింత దగ్గు లాంటి వాటికి దాచుకోండి.

బ్రాంకైటిస్‌కు లివోఫ్లాక్సాసిన్. స్నాయువులు తెగడం, నరాల బాధలు ఉన్నాయి. వేరే దారి ఉన్నంతవరకు సైనసైటిస్, బ్రాంకైటిస్‌లకు ఈ జాతి మందులు వద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2016లోనే హెచ్చరించింది. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటే ఇదే, ఈ అస్త్రం వేసినవాడికి కాక వేయించుకున్నవాడికి తగులుతుంది.

ఇప్పటికే రెండు రోజులు వాడి వచ్చినవాళ్లకు "మొదలుపెట్టారు కదా, కోర్సు పూర్తి చేయండి" అనడం. మీ పరీక్షలో అది వైరల్ అని తేలితే ఆపించేయండి. పూర్తి చేయాల్సిన కోర్సు అసలు అవసరం ఉన్నప్పుడే ఉంటుంది. ఎందుకు ఆపుతున్నారో చీటీ మీద రాయండి.

ఫోన్‌లో దగ్గు విని రాయడం. శ్వాస లెక్క, ఆక్సిజన్ శాతం, గొంతు చూడటం మూడూ లేవు. వీడియోలో డొక్కలు చూపించమనవచ్చు, శ్వాస లెక్కపెట్టవచ్చు. అంతకు మించి సందేహం ఉంటే రమ్మనండి, యాంటీబయాటిక్‌తో సందేహం పూడ్చకండి.

11. నెలకోసారి మీ చీటీలు మీరే చూసుకోండి

దగ్గు, జలుబు, గొంతునొప్పితో వచ్చిన చివరి ఇరవై మంది చీటీలు తీయండి. ఒక్కోదానికి నాలుగు టిక్కులు:

- జబ్బుకు కచ్చితమైన పేరు ఉందా?
- శ్వాస, ఆక్సిజన్ అంకెలు రాశారా?
- యాంటీబయాటిక్ ఉంటే, పక్కన కారణం ఉందా?
- తిరిగి రావాల్సిన గుర్తులు రాశారా?

ఆపైన చీటీల మీది సమయం చూడండి. కారణం లేని యాంటీబయాటిక్‌లు ఏ గంటలో గుంపుగా పడ్డాయో గీత గీస్తే కనిపిస్తుంది. నావి మధ్యాహ్నం ఒంటిగంటన్నర తర్వాతే ఎక్కువ. అందుకే ఒంటిగంటకు పది నిమిషాలు లేచి నీళ్లు తాగి వస్తున్నాను. బయట కూర్చున్నవాళ్లు కాస్త విసుక్కుంటారు, విసుక్కోనీయండి.